గడ్డిలో విసిరేసిన చెవి మిషను

పిల్లలూ, మీలో చాలామంది బాస్కెట్‌బాల్ ఆట చూసే ఉంటారు. కోర్టుకు రెండు చివరలా పది అడుగుల ఎత్తున ఒక్కొక్క ఇనుప వలయం, దానికి వేలాడే వల ఉంటాయి. అయిదుగురేసి మనుషులు గల రెండు జట్లు ఒకే బంతి కోసం అటూ ఇటూ పరిగెత్తుతూ ఉంటాయి. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు ఈ ఆటను కనిపెట్టాడు. ఆయన మొదట వాడినవి పీచ్ పళ్ళు పోసుకునే బుట్టలు. అందుకే ఆటకు ఆ పేరు వచ్చింది.

ఈ ఆటలో కాళ్ళకూ చేతులకూ ఎంత పని ఉంటుందో, చెవులకు కూడా అంత పని ఉంటుంది. "నీ వెనక మనిషి ఉన్నది!" అని ఒకరు అరుస్తారు. "బంతి ఇటు వెయ్యి!" అని మరొకరు పిలుస్తారు. పక్కన నిలబడి కోచ్ కేకలు వేస్తూ ఉంటారు. రిఫరీ ఈల ఊదుతాడు. వీటన్నిటి మీద వేలాదిమంది ప్రేక్షకుల గోల! ఇంత గందరగోళంలో తనకు కావలసిన మాటను ఏరుకుని వినగలిగినవారే బాగా ఆడగలరని ఎవరైనా అనుకుంటారు.

కాని ఈ ఆటలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఒక క్రీడాకారిణికి పుట్టుకతోనే రెండు చెవులూ సరిగా వినపడవు. ఆమె పేరు టమీకా క్యాచింగ్స్.

టమీకా 1979 జూలై 21న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టింది. ఆమె తండ్రి హార్వీ క్యాచింగ్స్ కూడా బాస్కెట్‌బాల్ ఆటగాడే. ఆయన ఎన్.బి.ఎ. అనే పురుషుల లీగులో పదకొండు సీజన్లు ఆడాడు. జట్టు మారినప్పుడల్లా ఇల్లు మారవలసి వచ్చేది. ఒక ఏడాది ఆయన ఇటలీ దేశం వెళ్ళి ఆడితే, కుటుంబమంతా అక్కడికే వెళ్ళింది. అదే సమయంలో ఇటలీలో ఉన్న మరొక అమెరికన్ ఆటగాడి కుటుంబంతో వీరికి స్నేహం కలిసింది. ఆ ఇంటి పిల్లవాడు కోబీ బ్రయంట్. టమీకా, కోబీ చిన్నతనంలో అక్కడ కలిసి ఆడుకున్నారు. తరవాత ఆ కుర్రవాడు కూడా ప్రపంచమంతా ఎరిగిన ఆటగాడయాడు.

టమీకాకు చెవులు వినపడకపోవటం వల్ల వచ్చిన చిక్కేమిటో తెలియాలంటే, మనం ఎలా వింటామో కాస్త తెలుసుకోవాలి. ఎవరైనా మాట్లాడితే గాలిలో ప్రకంపనలు పుడతాయి. అవి చెవి రంధ్రంలోకి వెళ్ళి కర్ణభేరి అనే పలచని పొరను కదిలిస్తాయి. ఆ కదలిక మూడు చిన్న ఎముకల మీదుగా లోపలి చెవికి చేరుతుంది. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉన్నది. అందులో ఉన్న అతిసూక్ష్మమైన రోమ కణాలు ఆ కదలికను నరానికి అందిస్తే, నరం దాన్ని మెదడుకు చేరవేస్తుంది. ఈ దారిలో ఎక్కడ లోపం ఉన్నా మాట మసకబారిపోతుంది.

ఇంకొక సంగతి. చిన్నపిల్లలు విని, విన్నదాన్ని అని, తాము అన్నదాన్ని మళ్ళీ తామే విని మాటలు నేర్చుకుంటారు. సరిగా వినపడని ధ్వని సరిగా పలకదు. అందుచేత టమీకా మాట కూడా ఇతర పిల్లల మాటలా ఉండేది కాదు.

ఆమెకు చిన్నతనంలోనే రెండు చెవులకూ వినికిడి యంత్రాలు పెట్టారు. వాటినే మనవాళ్ళు చెవి మిషన్లు అంటారు. దానిలో ఒక బుల్లి మైకు శబ్దాన్ని పట్టుకుంటుంది. మరొక భాగం ఆ శబ్దాన్ని పెంచుతుంది. ఒక చిన్న స్పీకరు దాన్ని చెవిలోకి పంపుతుంది. ఇవన్నీ ఒక చిన్న బ్యాటరీ మీద నడుస్తాయి. ఇప్పుడు దొరికే వాటిలో కొన్ని కంటికి ఆనవు. కాని 1980లలో టమీకా పెట్టుకున్నవి పెద్ద డబ్బాల్లా ఉండేవి. ఎవరికైనా దూరాన్నుంచే కనిపించేవి.

బడిలో పిల్లలు ఊరుకుంటారా? ఆమె చెవులను చూసి నవ్వేవారు. ఆమె మాటను అనుకరించి వెక్కిరించేవారు. టమీకా ఇంటికి వచ్చి ఏడిచేది. ఒకనాడు బడి నుంచి వస్తూ వస్తూ చెవి మిషన్లు రెండూ ఊడదీసి, ఏపుగా పెరిగిన గడ్డిలోకి విసిరేసింది!

తలిదండ్రులు ఆమె చేత వెతికించారు. అవి దొరకలేదు. అటువంటి మిషన్లు చవకగా వచ్చేవి కావు. తలిదండ్రులు మళ్ళీ కొనలేదు. ఇక ఆమె అవి లేకుండానే నెట్టుకు రావలసి వచ్చింది.

మరి వినటమెలా? టమీకా పెదవుల కదలిక చూసి మాట గ్రహించటం నేర్చుకున్నది. ఇది ఎంత కష్టమో మీరే పరీక్షించుకోవచ్చు. ఒక అద్దం ముందు నిలబడి, గొంతు పైకి రానివ్వకుండా "పడి, బడి, మడి" అనండి. మూడు మాటలకూ పెదవులు ఒక్క తీరుగానే మూసుకుని, ఒక్క తీరుగానే తెరుచుకుంటాయి. ఇక "క", "గ" వంటి అక్షరాలు నోటి లోపలే పుడతాయి గనక అసలు పెదవుల మీద కనిపించవు. అంటే పెదవులను చదివేవారు సగం చూసి, సగం ఊహించాలన్న మాట. ఎదుటి మనిషి తల పక్కకు తిప్పితే ఆ సగం కూడా పోతుంది.

టమీకా పొద్దస్తమానం ఈ పని చేసింది. తరగతిలో ముందు వరసలో కూర్చునేది. ఉపాధ్యాయుల ముఖం మీద నుంచి చూపు తిప్పేది కాదు. పాఠాలు ముందే చదువుకుని వెళ్ళేది. పెదవులనే గాక కళ్ళను, భుజాలను, చేతులను కూడా గమనించటం ఆమెకు అలవాటయింది.

ఈ అలవాటు కోర్టులో అద్భుతంగా పనికి వచ్చింది. బంతి వెయ్యబోయే మనిషి ముందుగా చూపుతోనో, భుజంతోనో తన ఉద్దేశం బయట పెట్టేస్తుంది. ఇతరులు కేకల కోసం చెవులు రిక్కించి ఉండగా, టమీకా ఆ చిన్న కదలికను పసికట్టి, బంతి వెళ్ళే దారికి అడ్డం వెళ్ళి తన్నుకుపోయేది. వినికిడి లోపమే తనకు ఎక్కువ గమనించటం నేర్పిందని ఆమె తరవాత చాలాసార్లు చెప్పింది.

ఏడో తరగతిలో ఉండగా ఆమె ఒక లక్ష్యం పెట్టుకున్నది. అది తండ్రిలాగా ఎన్.బి.ఎ.లో ఆడటం! అప్పటికి అమెరికాలో ఆడపిల్లలకు అలాంటి లీగు లేదు మరి. డబ్ల్యు.ఎన్.బి.ఎ. అనే స్త్రీల లీగు ఆటలు 1997లో గాని మొదలు కాలేదు.

ఇలినాయ్ రాష్ట్రంలో హైస్కూలు చదువుతూ, అక్కతో కలిసి ఆడి 1995లో టమీకా తన బడికి రాష్ట్ర విజయం తెచ్చింది. తరవాత తలిదండ్రులు విడిపోయారు. ఆమె తల్లి వెంట టెక్సాస్ రాష్ట్రంలోని డంకన్‌విల్ చేరింది. 1997లో అక్కడ ఒకే ఆటలో ఆమె 25 పాయింట్లు చేసి, బుట్టకు తగిలి వెనక్కి వచ్చిన బంతిని 18 సార్లు పట్టి, తోటివారి చేత పాయింట్లు చేయించే పాసులు 11 వేసి, ఎదుటివారి నుంచి బంతిని 10 సార్లు లాక్కుని, బుట్టలోకి పోయే బంతిని 10 సార్లు అడ్డుకున్నది. ఒకే ఆటలో ఈ అయిదూ రెండంకెలు చెయ్యటం అంతకుముందు ఎవరికీ సాధ్యమైనట్టు నమోదు కాలేదు.

ఇదంతా విని, "చెవి మిషన్లు గడ్డిలో పారేసి మంచిపని చేసింది!" అని మీరు అనుకోవచ్చు. కాని కథ అక్కడితో అయిపోలేదు.

అదే ఏడు టమీకా టెన్నెసీ విశ్వవిద్యాలయంలో చేరింది. అక్కడి కోచ్ ప్యాట్ సమిట్ చాలా గట్టి మనిషి. ఆవిడ శిక్షణలో టెన్నెసీ జట్టు మొత్తం మీద ఎనిమిదిసార్లు జాతీయ విజేత అయింది. టమీకా మొదటి ఏడాది ఆ జట్టు ఆడిన 39 ఆటల్లో 39 గెలిచింది.

అయితే టమీకాకు అన్ని మాటలూ అందటం లేదని ఆవిడ కనిపెట్టింది. వినపడనివారు చాలామంది మళ్ళీ అడగటానికి సిగ్గుపడి, అర్థమైనట్టు తల ఊపేస్తారు. బంతిని దొంగిలించటానికి కళ్ళు చాలు. కాని గుంపులో పదిమందితో మాట్లాడటానికి, విలేఖరులకు జవాబు చెప్పటానికి, స్నేహం చెయ్యటానికి కళ్ళు మాత్రమే చాలవు. అందుచేత చెవి మిషన్లు మళ్ళీ పెట్టుకోమనీ, మాట స్పష్టంగా పలకటం నేర్పేవారి దగ్గరకు వెళ్ళమనీ కోచ్ ఆమెకు నచ్చజెప్పింది. ఆమెను చూసి అటువంటి లోపం గల ఇతరులు ధైర్యం తెచ్చుకుంటారని కూడా చెప్పింది.

టమీకా ఒప్పుకున్నది. పిల్లలూ, ఆలోచించి చూడండి. అందరి వెక్కిరింతలకూ కారణమయిన వస్తువును, అందరూ తనను మెచ్చుకుంటున్న రోజుల్లో మళ్ళీ చెవికి తగిలించుకోవటం ఎంత కష్టమో! చిన్నప్పుడు దాన్ని విసిరెయ్యటానికి ఒక్క క్షణం పట్టింది. మళ్ళీ అందుకోవటానికి సుమారు పదేళ్ళు పట్టింది.

తరవాత కూడా ఆమె దారి పూలబాట కాదు. 2001 జనవరిలో, చదువు చివరి ఏడాదిలో, ఆమె మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే బంధనం తెగిపోయింది. అయినా ఆ ఏడు ఇండియానా ఫీవర్ అనే జట్టు ఆమెను ఎన్నుకున్నది. ఫీవర్ అంటే జ్వరమే! ఆ జట్టు పేరు అదే. మొదటి సీజన్ అంతా ఆమె ఆడలేకపోయింది. 2002లో కోర్టులో దిగి, ఆ ఏటి ఉత్తమ కొత్త క్రీడాకారిణిగా ఎంపికయింది. 2007లో పిక్కను మడమకు కలిపే గట్టి తాడు వంటి స్నాయువు తెగింది. మరుసటి ఏడాదే ఆమె బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆడింది.

ఆమె పదిహేను సీజన్లు ఒక్క జట్టుకే ఆడింది. 2011లో లీగు మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణి అయింది. 2009లో చివరి మెట్టు మీద ఓడిపోయిన ఇండియానా జట్టు, 2012లో మిన్నెసోటా జట్టును ఓడించి మొదటిసారి విజేత అయింది. ఎదుటివారిని అడ్డుకోవటంలో ఉత్తమురాలన్న బహుమానం ఆమెకు అయిదుసార్లు వచ్చింది. 2004, 2008, 2012, 2016 ఒలింపిక్స్ నాలుగింటిలోనూ అమెరికా జట్టుతో బంగారు పతకాలు గెలిచింది. 2016లో ఆట విరమించే నాటికి 457 ఆటల్లో 7,380 పాయింట్లు చేసింది. ఎదుటివారి నుంచి బంతిని లాక్కోవటంలో 1,074 సార్లతో లీగులో అందరినీ మించింది.

టమీకా 2004లో "క్యాచ్ ద స్టార్స్" అనే సంస్థ స్థాపించింది. ఆ మాటకు నక్షత్రాలను పట్టుకోమని అర్థం. ఆమె ఇంటిపేరు కూడా అందులో దాగి ఉన్నది. ఆ సంస్థ పిల్లలకు చదువు మీద, వ్యాయామం మీద శ్రద్ధ కలిగిస్తుంది. వినికిడి లోపం గల పిల్లలు తన దగ్గరకు వచ్చినప్పుడు ఆమె తన గడ్డి కథ దాచకుండా చెప్పేది.

స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్ళో, నైస్మిత్ పేరు మీద బాస్కెట్‌బాల్ మహామహుల స్మారక మందిరం ఉన్నది. 2020లో ఆ గౌరవానికి ఎన్నికైనవారిలో టమీకా ఒకరు. ఆమెతో పాటు ఎన్నికైన మరొకరు ఎవరో తెలుసా? ఇటలీలో ఆమెతో ఆడుకున్న కోబీ బ్రయంట్! కాని అతను ఆ ఏడు జనవరిలోనే హెలికాప్టరు ప్రమాదంలో చనిపోయాడు. 2021 మే నెలలో ఆ ఉత్సవం జరిగినప్పుడు అతను లేడు.

మన భాషలో "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని ఒక సామెత ఉన్నది. వినపడనివారికి ఏమి చెప్పినా వ్యర్థమని ఆ సామెత భావం. టమీకా జీవితం చూస్తే, శంఖం ఊదేవాడు ఎదురుగా వచ్చి నిలబడాలేమో అనిపిస్తుంది.

పెద్దవారు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. వెనక నుంచి పిలిస్తే పలకని పిల్లలను, "ఏమిటి?" అని పదేపదే అడిగే పిల్లలను పెంకివారనీ మొద్దులనీ కోప్పడే ముందు చెవులు పరీక్ష చేయించాలి. లోపం ఎంత త్వరగా తెలిస్తే మాటలు అంత బాగా వస్తాయి.

ఇక మీరు, పిల్లలూ! మీ తరగతిలో చెవి మిషను పెట్టుకున్న పిల్ల ఉంటే ఆ పిల్లకు ఎదురుగా, ముఖం కనిపించేలా నిలబడి మాట్లాడండి. అరవనక్కర లేదు. ఒకసారి అర్థం కాకపోతే "ఏమీ లేదులే" అనకుండా మళ్ళీ చెప్పండి. కళ్ళద్దాలు పెట్టుకున్నవారిని మనం వింతగా చూడం గదా, ఇదీ అంతే. మీకే అటువంటి మిషను ఉంటే, దాన్ని జాగ్రత్తగా చెవికి తగిలించుకుని ఆటకు వెళ్ళండి.