పాత గ్రంథాల స్కానింగ్: పుటల వంపును సరిదిద్దే విధానం

కడప: రాయలసీమ చరిత్రకు, తెలుగు భాషకు ఆధారమైన ప్రాచీన ముద్రిత గ్రంథాలను కంప్యూటర్‌లో భద్రపరచడంలో పుటల వంపును సరిదిద్దడం కీలకమైన దశ. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వంటి గ్రంథాలయాలలోని పుస్తకాలకు ఇది ఎంతో అవసరం.

1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, 1875 నాటి గ్రిబుల్ కడప జిల్లా మాన్యువల్, 1886 నాటి నరహరి గోపాలకృష్ణమ శెట్టి కర్నూలు జిల్లా మాన్యువల్ లావైన గ్రంథాలు. ఇటువంటి పుస్తకాన్ని తెరచినప్పుడు కుట్టు వద్ద పుట పైకి లేచి వంగుతుంది. అక్కడ అక్షరాలు ఇరుకుగా, నీడతో కనిపిస్తాయి. పాత కాగితం పెళుసుగా ఉండుటచే బలంగా అదిమి స్కాన్ చేయడం తగదు.

దోషాలు మూడు విధాలు. పుట ఒరిగి ఉన్నచో చిత్రాన్ని తగిన మేరకు త్రిప్పవలెను. కెమెరా ఏటవాలుగా ఉండి పుట ఒకవైపు చిన్నదిగా కనిపించినచో నాలుగు మూలలను గుర్తించి దీర్ఘచతురస్రంగా మార్చవలెను. వంపు విషయంలో, సాఫ్ట్‌వేర్ ప్రతి పంక్తి వంగిన తీరును గుర్తించి, ఆ వక్రరేఖలను సరళరేఖలుగా మారుస్తుంది. ఉచితంగా లభించే 'స్కాన్ టైలర్' ఇందుకు ఉపకరిస్తుంది.

తెలుగులో వొత్తులు పంక్తికి దిగువన, గుడులు ఎగువన ఉంటాయి. వొత్తుల వరుసను వేరొక పంక్తిగా సాఫ్ట్‌వేర్ పొరబడే అవకాశం ఉన్నందున ప్రతి పుటను స్వయంగా పరిశీలించవలెను. పట్టికలలో వరుస ఒరిగినచో ఒక తాలూకా అంకె మరొక తాలూకాకు చెందినట్లు కనిపిస్తుంది. వర్షపాతం, కరవు లెక్కలకు ఆధారపడే జిల్లాలలో ఇది చిన్న పొరపాటు కాదు.

సాఫ్ట్‌వేర్ చిత్రంలో ఉన్నదానిని మాత్రమే సరిచేయగలదు. కుట్టులో మరుగుపడిన అక్షరాన్ని తిరిగి తేలేదు. కావున గ్రంథాన్ని 'వి' ఆకారపు ఆధారంపై సగం మాత్రమే తెరచి, ఒక్కొక్క పుటను విడిగా, అంగుళానికి కనీసం 300 చుక్కల స్పష్టతతో చిత్రించవలెను. సరిదిద్దని మూలచిత్రాన్ని తప్పక భద్రపరచవలెను. గ్రంథం తిరిగి బీరువాకు చేరకముందే తనిఖీ పూర్తి కావలెను.

2000 తరువాతి దశకంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ద్వారా వేలాది తెలుగు గ్రంథాలు స్కాన్ అయ్యాయి. పాత్రికేయులు, అధికారులు ఇటువంటి ప్రతుల నుండి అంకెలను స్వీకరించునప్పుడు, కుట్టు పక్కనున్న వరుసలను మూలగ్రంథంతో సరిచూసుకొనుట శ్రేయస్కరం.