నర్సుల జవాబుల్లో దొరికిన కేన్సర్ జాడ

మనిషి కాస్త ఒళ్ళు చేస్తే మన ఊళ్ళలో అది కలిమికి గుర్తు. అత్తవారింటి నుంచి వచ్చిన కూతురు నిండుగా కనిపిస్తే తల్లి సంతోషిస్తుంది. చిక్కిపోయి వస్తే కంగారు పడుతుంది. కరువు రోజులు చూసిన పల్లెలు అలా అనుకోవడంలో తప్పు లేదు. కాని పెళ్ళినాటి బరువు మీద ఏటేటా పేరుకునే కొవ్వు మధుమేహానికి, గుండెజబ్బుకే కాదు, కొన్ని రకాల కేన్సర్లకు కూడా దారి తీస్తుందని ఇప్పుడు తేలింది. ఆ రుజువులు కూడగట్టడంలో దశాబ్దాలు గడిపిన వారిలో ఒకరు వైద్యాచార్యుడు గ్రాహం కోల్డిట్జ్.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఆయన వైద్యం చదివారు. తర్వాత అమెరికా వెళ్ళి 1986లో హార్వర్డ్‌లో ప్రజారోగ్య శాస్త్రంలో డాక్టరేట్ పొందారు. వేలాది మందిని ఏళ్ళ తరబడి గమనించి, రోగం ఎవరికి వస్తోంది, ఎందుకు వస్తోంది అని లెక్క తేల్చడమే ఆయన ఎంచుకున్న పని.

రెండేళ్ళకో ప్రశ్నాపత్రం

ఆ పనికి ఆధారంగా నిలిచింది అమెరికాలోని నర్సుల ఆరోగ్య అధ్యయనం. కుటుంబ నియంత్రణ మాత్రల వల్ల హాని ఉందా అని తెలుసుకోవడానికి ఫ్రాంక్ స్పైజర్ అనే వైద్యుడు 1976లో దీన్ని ప్రారంభించారు. 30 నుంచి 55 ఏళ్ళ వయసున్న 1,21,700 మంది నర్సులు ఇందులో చేరారు. రెండేళ్ళకోసారి వారికి తపాలాలో ప్రశ్నాపత్రం వెళ్ళేది. బరువెంత, పొగ తాగుతారా, కొత్తగా ఏ జబ్బు బయటపడింది అని అందులో అడిగేవారు. వైద్యం తెలిసినవారు కాబట్టి నర్సులు సరైన జవాబులు రాసేవారు. కోల్డిట్జ్ ఈ అధ్యయనంలో చేరి, తర్వాతి కాలంలో దానికి సారథ్యం వహించారు.

జబ్బు చేసిన తర్వాత పాత సంగతులు అడిగితే జ్ఞాపకం తడబడుతుంది. ఇక్కడ అలా కాదు. జబ్బు రాకముందే బరువు కాగితం మీద పడింది. ఆ తర్వాత ఎవరికి ఏ జబ్బు వచ్చిందో చూశారు. ఈ పద్ధతి బలం అదే.

1995లో కోల్డిట్జ్ బృందం మధుమేహంపై లెక్క ప్రకటించింది. 18 ఏళ్ళ వయసు తర్వాత 8 నుంచి 11 కిలోల వరకు పెరిగిన స్త్రీలకు, బరువు నిలకడగా ఉన్నవారికంటే మధుమేహం ముప్పు సుమారు 2.7 రెట్లు ఎక్కువని తేలింది.

ఆయన సహరచయితగా 2006లో వెలువడిన మరో పరిశోధన రొమ్ము కేన్సర్‌కు సంబంధించినది. బహిష్టులు ఆగిపోయిన 87,143 మంది నర్సుల వివరాలను ఇందులో పరిశీలించారు. 18 ఏళ్ళ తర్వాత 25 కిలోలు, అంతకుమించి పెరిగిన వారికి ముప్పు 45 శాతం ఎక్కువగా కనిపించింది. మరోవైపు, బహిష్టులు ఆగిన తర్వాత 10 కిలోలు, అంతకు మించి తగ్గి, మళ్ళీ పెరగకుండా చూసుకున్నవారిలో ముప్పు బాగా తగ్గింది. వీరు హార్మోన్ మాత్రలు ఎన్నడూ వాడనివారు. ఆ వయసులో ఇంకేం చేస్తాంలే అనుకోనక్కర్లేదని ఈ పరిశోధన చెబుతోంది.

కొవ్వు ఏం చేస్తుంది?

ఒంట్లో కొవ్వు ఊరికే కూర్చుని ఉండదు. బహిష్టులు ఆగాక అండాశయాలు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తయారీని దాదాపు మానేస్తాయి. అప్పుడు ఆ పని కొవ్వు చేస్తుంది. కొవ్వు ఎక్కువైతే హార్మోన్ కూడా ఎక్కువే. అది రొమ్ములోను, గర్భసంచి లోపలి పొరలోను కణాలు పెరిగేలా ప్రేరేపిస్తుంది. లావైన వారి రక్తంలో ఇన్సులిన్ పెరగడం, ఒంట్లో సన్నని వాపు ఎప్పుడూ ఉండడం మిగతా కారణాలు.

13 రకాలకు సంబంధం

2006లో కోల్డిట్జ్ సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. పదేళ్ళకు మరో పెద్ద బాధ్యత ఆయన మీద పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 2016 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిపిన నిపుణుల సమావేశానికి ఆయన అధ్యక్షత వహించారు. వెయ్యికి పైగా అధ్యయనాలను అక్కడ వడపోశారు. 2002లో ఆ సంస్థ గుర్తించిన పెద్దపేగు, ఆహారనాళం, మూత్రపిండం, గర్భసంచి, బహిష్టులు ఆగాక వచ్చే రొమ్ము కేన్సర్లకు మరో 8 చేర్చారు. అవి జీర్ణాశయం పైభాగం, కాలేయం, పిత్తాశయం, క్లోమం, అండాశయం, థైరాయిడ్, మెదడు పొరల్లో వచ్చే ఒక కంతి, ఎముక మజ్జకు సంబంధించిన ఒక కేన్సర్. మామూలు బరువున్న స్త్రీలతో పోలిస్తే మరీ అతి స్థూలకాయులకు గర్భసంచి కేన్సర్ ముప్పు సుమారు 7 రెట్లని అంచనా.

అలాగని లావుగా ఉన్నవారందరికీ కేన్సర్ వస్తుందని కాదు. సన్నగా ఉన్నవారికి రాదనీ కాదు. చుట్ట, బీడీ, గుట్కా చేసే చేటు సన్నవారికీ తప్పదు.

మనకెందుకంటే...

ఇది దూరదేశపు గొడవ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. నాట్లకు, కోతలకు యంత్రాలు వచ్చాయి. పొలానికి నడిచేవారు మోటారు సైకిలెక్కారు. పనిచేసే ఒళ్ళు తగ్గింది, తినే తిండి తగ్గలేదు.

అమెరికాలో వచ్చే కేన్సర్లలో సగానికి పైగా ఇప్పటికే తెలిసిన జాగ్రత్తలతో నివారించవచ్చని 2012లో కోల్డిట్జ్ మరో ఇద్దరితో కలిసి రాశారు. కొత్త మందు కోసం ఎదురుచూస్తూ, చేతిలో ఉన్నదాన్ని వాడకపోవడమే ఆయన బాధ. పొగాకు మానడం, బరువు అదుపులో ఉంచుకోవడం, ఒళ్ళు వంచి పనిచేయడం, మద్యానికి దూరంగా ఉండడం, వేళకు పరీక్షలు చేయించుకోవడం వంటివే ఆయన చెప్పే జాగ్రత్తలు.

నడుముకు టేపు పెట్టి చూసుకోవడానికి ఖర్చు లేదు. మన దేశంలో స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని వైద్యులు చెబుతారు. బహిష్టులు ఆగాక మళ్ళీ రక్తం కనిపించినా, రొమ్ములో గడ్డ తగిలినా, మలంలో రక్తం పడినా సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి.