గాలే మందైన చోట...

'వికారాబాద్‌ గాలి లక్షమంది రోగులకు దవా' అని ఉర్దూలో ఓ నానుడి. దగ్గు ఆగక, రాత్రిళ్లు చెమటలు పట్టి, మనిషి రోజురోజుకీ చిక్కిపోతుంటే ఒకప్పుడు ఇంట్లోవాళ్లకు గుర్తొచ్చే పేరు అనంతగిరి. హైదరాబాద్‌కు పడమరగా 75 కిలోమీటర్ల పైచిలుకు దూరం. చుట్టూ దట్టమైన అడవి, కొండమీద పద్మనాభస్వామి గుడి. మూసీ నది పుట్టిందీ అక్కడే. ఆ చెట్ల మధ్యే నిజాం జమానాలో క్షయ రోగుల కోసం ఆసుపత్రి కట్టారు.

అదే జిల్లాలో, అక్కడినుంచి 40 కిలోమీటర్లు వెళ్తే తాండూరు. నాపరాళ్లకూ సిమెంటుకూ కందిపప్పుకూ పేరుమోసిన ఊరు. 1874లో వేసిన సికింద్రాబాద్‌-వాడి రైలు మార్గం ఈ రెండు ఊళ్లమీదుగానే పోతుంది. వికారాబాద్‌లో పచ్చగా కనిపించిన ఆకులే తాండూరు శివార్లలో తెల్లటి పొడి కప్పుకుని ఉంటాయి. బండల లారీ ఒకటి వెళ్లిందంటే వెనకొచ్చే స్కూటరు మనిషి దస్తీ ముక్కుకు అడ్డం పెట్టుకోవాల్సిందే.

మంచాలు వరండాలో...

క్షయకు గాలి వైద్యం మనవాళ్లు కనిపెట్టింది కాదు. 19వ శతాబ్దం మధ్యలో జర్మన్‌ వైద్యుడు హెర్మన్‌ బ్రేమర్‌ మొదలుపెట్టాడు. కొండగాలి, విశ్రాంతి, కడుపునిండా తిండి... ఇదీ చికిత్స. ఆ పద్ధతే మన దేశానికీ వచ్చింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో వెలిసింది. పెద్దపెద్ద కిటికీలు, వరండాల్లో వరసగా మంచాలు, పాలు, గుడ్లు. నెలల తరబడి రోగి చేయాల్సిన పని ఒక్కటే, పడుకుని ఊపిరి పీల్చడం. అప్పటికి వేరే మందు లేదు మరి!

స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో కనుక్కున్నారు. 1952లో ఐసోనియాజిడ్‌ వాడకంలోకి వచ్చింది. ఆ తర్వాత మద్రాసులో జరిగిన ఓ పరీక్ష శానిటోరియాల తలరాతనే మార్చేసింది. రోగుల్ని రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టును శానిటోరియంలో ఉంచి మంచి తిండి, విశ్రాంతి ఇచ్చారు. రెండో జట్టువాళ్లు ఇరుకిళ్లలోనే ఉండి, దొరికింది తిని, పనులు చేసుకుంటూనే మందులు వాడారు. మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే. 1959లో ఫలితాలు బయటకొచ్చాయి. ఇంటి దగ్గరున్నవాళ్లూ దాదాపు అంతే బాగా కోలుకున్నారు! వాళ్లవల్ల ఇంట్లోవాళ్లకు అదనంగా జబ్బు సోకిందీ లేదు. దాంతో చాలా దేశాలు రోగుల్ని కొండలకు పంపడం మానుకున్నాయి.

మరి వికారాబాద్‌ గాలి మాట ఉత్తదేనా? పూర్తిగా కాదు. క్షయ క్రిములు వ్యాపించేది గాలి ఆడని గదుల్లోనే. కిటికీలు బార్లా తీసి ఉంచితే క్రిములు పలచబడతాయి. అంటే ఆ కొండగాలి మంచంమీదున్న మనిషికంటే పక్క మంచంమీది మనిషికీ, సేవచేసే నర్సుకీ ఎక్కువ మేలు చేసి ఉంటుంది. ఈ సంగతి తెలియక ఇప్పటికీ కొందరు అనంతగిరి మూలికలమీద నమ్మకంతో మాత్రలు మధ్యలో ఆపేస్తుంటారు. అదే కొంప ముంచుతుంది. సగంలో ఆపితే క్రిమి మొండిదవుతుంది, మామూలు మందులకు లొంగదు. మాత్రలు సర్కారు దవాఖానాల్లో ఉచితం. చికిత్స సాగినన్నాళ్లూ పోషకాహారానికి కేంద్రం నెలనెలా డబ్బు ఇస్తుంది. 2018లో 500 రూపాయలతో మొదలైన ఆ సాయం 2024 నవంబరు నుంచి వెయ్యి రూపాయలైంది.

రాయి చేసిన ఊరు

తాండూరు కింద ఉన్నదంతా సున్నపురాయి. పొరలు పొరలుగా, పుస్తకంలో పేజీల్లా ఉంటుంది కాబట్టి బండలుగా లేపడం తేలిక. నీలం, పసుపు రంగుల తాండూరు బండలు ఎన్ని ఇళ్ల నేలమీద ఉన్నాయో లెక్కలేదు. వేసవిలో చల్లగా ఉంటాయని పెద్దలు మధ్యాహ్నం వాటిమీదే నడుం వాల్చేవారు. సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చిందీ ఆ రాయి కోసమే.

కోత మిషను, పాలిష్‌ మిషను నీళ్లతో నడిచేటప్పుడు దుమ్ము పెద్దగా లేవదు, తెల్లటి బురదలా కారిపోతుంది. చిక్కంతా ఆ బురద ఎండాకే. గుట్టలుగా పోసిన పొడి ఎండకు ఆరి, గాలికి లేచి, లారీ చక్రాల కింద నలిగి మళ్లీ లేస్తుంది. కంటికి కనిపించే దుమ్ము ముక్కులోనే ఆగుతుంది. కనిపించనిదే ప్రమాదం. 2.5 మైక్రాన్లకంటే చిన్న ధూళి నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. తలవెంట్రుక మందంలో అది పాతికో వంతు కూడా ఉండదు. ఘనపు మీటరు గాలిలో ఈ ధూళి ఏడాది సగటున 40 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశం 2009లో గీత గీసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన గీత ఇంకా కింద ఉంది, 5 దగ్గర.

సున్నపురాయిలో గ్రానైట్‌లో ఉన్నంత సిలికా ఉండదు. అది కొంత నయం. అలాగని నిర్లక్ష్యం పనికిరాదు. రాతి పొడిలో సిలికా ఎంతున్నా అది ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. దాంతో వచ్చే సిలికోసిస్‌ నయం కాదు. పైగా సిలికోసిస్‌ ఉన్నవాళ్లకు క్షయ తేలిగ్గా సోకుతుంది! అంటే తాండూరు దుమ్ముకూ అనంతగిరి ఆసుపత్రికీ ఉన్న సంబంధం మ్యాపులో కనిపించేదానికంటే దగ్గరది.

ముక్కుకు కట్టుకున్న దస్తీ సన్నటి ధూళిని ఆపలేదు. ఎన్‌95 మాస్కు ఆపుతుంది. పొద్దున్నే వాకిట్లో సాన్పి చల్లడం, బండల్ని పొడి చీపురుతో కాకుండా తడిగుడ్డతో తుడవడం, పని నుంచి వచ్చినవాళ్లు బట్టలు బయటే దులిపి లోపలికి రావడం... ఇవన్నీ పనికొచ్చేవే. అయితే రోడ్డు మీది దుమ్ము బాధ్యత మొత్తం ఇల్లాలి చీపురుకు అప్పజెప్పడం న్యాయం కాదు. వ్యర్థాల గుట్టలమీద నీళ్లు చల్లడం, లారీలకు పట్టాలు కప్పించడం ఊరు, సర్కారు, యజమానులు చేయాల్సిన పనులు.

ఆ రాయే పప్పుకు బలం

చిత్రమేంటంటే, తాండూరు కందిపప్పుకు అంత పేరు రావడానికి కూడా ఆ సున్నపురాయే కారణం. సున్నపురాయి నిక్షేపాలున్న లోతైన నల్లరేగడిలో అట్టపుల్గైట్‌ అనే బంకమట్టి ఖనిజం ఉంటుందని, రుచీ గుణమూ దానివల్లేనని చెబుతారు. పప్పులో 22 నుంచి 24 శాతం మాంసకృత్తులు. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

కందికి ప్రధాన శత్రువు కాయతొలిచే పచ్చపురుగు. దానికోసం ఎండోసల్ఫాన్‌ డబ్బాలు ఖాళీ చేసిన రోజులున్నాయి. కాసరగోడ్‌లో పిల్లల గోడు విన్న సుప్రీంకోర్టు 2011లో ఆ మందును ఆపింది. దాని స్థానంలోకి వేరే మందులు వచ్చాయి. వాటి అవసరాన్ని తగ్గించే పద్ధతులు మాత్రం రైతు చేతిలోనే ఉన్నాయి. చేలో లింగాకర్షక బుట్టలు పెట్టడం, పక్షులు వాలేందుకు కొమ్మలు పాతడం, పురుగు పిల్లగా ఉన్నప్పుడే వంద లీటర్ల నీటికి అయిదు కిలోల వేపగింజల పొడి కలిపిన కషాయం చల్లడం. ఇంకా తమాషా అయినది, చెట్టు కింద దుప్పటి పరిచి కంది చెట్టును ఊపడం! పురుగులు టపటపా రాలతాయి. కూలి ఖర్చు తప్ప ఇంకో ఖర్చు లేదు.

బజారు పప్పుతో వేరే తంటా ఉంది. పచ్చగా మెరవాలని మెటానిల్‌ ఎల్లో అనే నిషేధిత రంగు పూసేవాళ్లున్నారు. పప్పు నానబెట్టిన నీటిలో రెండు మూడు చుక్కల హైడ్రోక్లోరిక్‌ ఆమ్లం వేస్తే రంగున్న నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. (చుక్కలు వేసేది పెద్దవాళ్లే, ఆ పప్పు పారేయాల్సిందే.) కందులు కొని ఇంట్లోనే విసురుకుంటే ఈ పరీక్షే అక్కర్లేదు. ఎర్రమట్టి పట్టించి, నాలుగెండలు ఎండనిచ్చి, ఇసుర్రాయిలో విసిరి, చాటతో చెరిగితే పప్పు పప్పుగా, పొట్టు పొట్టుగా విడిపోతాయి. పొట్టు, నూక బర్రెకు. బాగా ఎండిన పప్పులో వేపాకులు వేసి మూత బిగిస్తే చాలు, మందు బిళ్లలు వంటింటి గడప తొక్కాల్సిన పనిలేదు. ధాన్యంలో వేసే సెల్ఫాస్‌ బిళ్ల నుంచి వచ్చే వాయువు మూసిన గదిలో మనుషుల ప్రాణం తీస్తుంది.

కాయ కోశాక మిగిలేవి కంది కట్టెలు. తడకలకు కొన్ని, పొయ్యిలోకి మిగతావి. ఇక్కడే ఒక మాట. సొంత చేలోది కదా అని కట్టె పొగను లెక్కచేయరు చాలామంది. అందులోనూ ఆ సన్నటి ధూళే ఉంటుంది. పొయ్యిని పెరట్లో చూరుకిందికి మార్చినా, గోడకు పొగగొట్టం పెట్టించినా వంటచేసే మనిషి దగ్గు తగ్గుతుంది. కట్టెల మోపు మాత్రం తాండూరు పల్లెల్లో మళ్లీ వానలు పడేదాకా గోడవారన అలాగే నిలబడి ఉంటుంది.