పాత కారు ఇంజనుకు ఆయువు ఆయిల్‌లోనే!
చిక్కదనం కన్నా సకాలంలో మార్పిడే ముఖ్యం

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో 2014 మే నెలలో అంబాసిడర్ కార్ల ఉత్పత్తి నిలిచిపోయింది. అదే సంవత్సరం జనవరిలో మారుతి 800 తయారీకి తెరపడింది. ప్రీమియర్ పద్మినికి అంతకు దశాబ్దానికి పైగా ముందే కాలం చెల్లింది. కర్మాగారాలు ఆగినా కార్లు మాత్రం పూర్తిగా మూలపడలేదు. విజయవాడ ఆటోనగర్ మొదలుకొని కోల్‌కతా మల్లిక్ బజార్ వరకూ పాత కార్ల మరమ్మతుపై బతికే షెడ్లు నేటికీ ఉన్నాయి.

పాత కారును నిలుపుకోవడం నానాటికీ ఖర్చుతో కూడిన పనిగా మారుతోంది. 15 సంవత్సరాలు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును కేంద్ర ప్రభుత్వం 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు పెంచింది. దానితోపాటు వాహన సామర్థ్య పరీక్షలో నెగ్గాలి. పొగలు కక్కే ఇంజనుతో ఆ గండం గట్టెక్కడం కష్టం. ఇంజను విప్పి బోరింగు చేయించి, పిస్టన్లు మార్పిస్తే అయ్యే ఖర్చు ఒక్కొక్కసారి కారు అమ్మకపు ధరనే మించిపోతుంది. కొత్త కారు కొనలేని మధ్యతరగతి కుటుంబానికి, టాక్సీయే జీవనాధారమైన డ్రైవరుకు ఈ ఖర్చును వాయిదా వేయగల చవకైన సాధనం ఇంజన్ ఆయిల్ ఒక్కటే. అయితే ఆ ఎంపికలోనే అపోహలు ఎక్కువ.

అంకెల అర్థమేమిటి?

డబ్బాపై కనిపించే 20డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-30 వంటి గుర్తులు ఆయిల్ చిక్కదనాన్ని తెలుపుతాయి. శాస్త్ర పరిభాషలో దీనినే స్నిగ్ధత అంటారు. 'డబ్ల్యూ' అన్న అక్షరం శీతకాలానికి సంకేతం. దానికి ముందున్న అంకె ఎంత తక్కువైతే ఆ ఆయిల్ చలిలో అంత తేలికగా పారుతుంది. చివరి అంకె 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది.

20డబ్ల్యూ రకాన్ని మైనస్ 15 డిగ్రీల వద్ద, 5డబ్ల్యూ రకాన్ని మైనస్ 30 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. లడఖ్‌లోని లేహ్ వంటి చోట్ల ఈ తేడా ప్రాణాధారం. వేసవిలో 45 డిగ్రీలకు చేరే రామగుండంలో మాత్రం మొదటి అంకె కన్నా చివరి అంకెకే ప్రాధాన్యం. అందుకే మన దేశంలో దశాబ్దాల పాటు 20డబ్ల్యూ-40 రకం సర్వసాధారణంగా వాడుకలో ఉంది. 1,489 సీసీ అంబాసిడర్, 1,089 సీసీ పద్మిని వంటి పాత ఇంజన్లకు మైదాన ప్రాంతాలలో నేటికీ అది తగిన ఎంపికే.

నేటి కార్లలో వాడే 0డబ్ల్యూ-20 వంటి పలుచని ఆయిళ్లు లోపలి భాగాల మధ్య సందు అతి తక్కువగా ఉండే ఇంజన్ల కోసం, ఇంధన పొదుపు కోసం తయారైనవి. అరిగి సందులు పెరిగిన పాత ఇంజనులో వాటిని పోస్తే ఆయిల్ పీడనం పడిపోతుంది. ఖరీదు ఎక్కువ కనుక మేలైనదనుకోవడం ఇక్కడ చెల్లదు.

చిక్కనిదంతా మంచిదేనా?

ఇంజను చప్పుడు చేసినా, పొగ వదిలినా మరింత చిక్కని ఆయిల్ పోయడం మన షెడ్లలో పరిపాటి. ఇందులో కొంత నిజం లేకపోలేదు. అరుగుదల పెరిగిన ఇంజనుకు 20డబ్ల్యూ-40 బదులు 20డబ్ల్యూ-50 వాడితే పీడనం కొంత పెరుగుతుంది, ఆయిల్ మండటం కొంత తగ్గుతుంది. ఈ ఒక్క మెట్టు ఎక్కడం సమంజసమే. అంతకు మించితే నష్టమే. ఇంజను ఆగినప్పుడు ఆయిల్ అడుగున ఉన్న సంపులోకి దిగిపోతుంది. మళ్లీ స్టార్టు చేసినప్పుడు అది పై భాగాలకు చేరే వరకూ లోహం లోహంతోనే రాసుకుంటుంది. ఆయిల్ మరీ చిక్కనైతే ఈ ఆలస్యం పెరిగి, అరుగుదల మరింత వేగిరపడుతుంది.

పైగా చిక్కని ఆయిల్ రోగాన్ని కప్పిపుచ్చుతుందే గాని నయం చేయదు. ఉదయం స్టార్టు చేయగానే నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లను అనుమానించాలి. ఎక్సలరేటరు తొక్కిన ప్రతిసారీ వస్తే పిస్టన్ రింగులను చూడాలి. ఆయిల్ మూత లోపల పాలమీగడ వంటి పూత కనిపిస్తే నీరు చేరినట్లే. హెడ్ గ్యాస్కెట్‌ను పరీక్షించాలి. ఆయిల్ పీడనం దీపం వెలిగితే ముందుగా గేజీ పెట్టి కొలిపించాలి. ఆ తరువాతనే ఆయిల్ మార్చే ఆలోచన చేయాలి.

అక్షరాల వరుస

డబ్బాపై 'ఏపీఐ' ముద్ర పక్కన ఉండే అక్షరాలు నాణ్యతా శ్రేణిని తెలుపుతాయి. ఎస్ అక్షరంతో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకు, సీతో మొదలయ్యేవి డీజిల్ ఇంజన్లకు ఉద్దేశించినవి. ఎస్ తరువాతి అక్షరం వర్ణక్రమంలో ఎంత ముందుకు సాగితే ఆయిల్ అంత ఆధునికం. 2010లో ఎస్ఎన్, 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ శ్రేణులు వచ్చాయి. ఎస్‌హెచ్ వరకూ ఉన్నవాటికి ఎప్పుడో కాలం చెల్లింది. చవకగా దొరుకుతోందని ఎస్‌ఎఫ్ ముద్ర ఉన్న డబ్బా కొనడం పొదుపు కాదు.

ఇథనాల్ తెచ్చిన కొత్త జాగ్రత్త

పెట్రోలులో ఇథనాల్ మిశ్రమం 2025లో 20 శాతానికి చేరింది. కొన్ని పాత వాహనాలలో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తరువాత రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చవలసి రావచ్చునని ఆ ఏడాది ఆగస్టులో కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖే తెలిపింది. కార్బురేటరు కార్ల యజమానులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. వీటిలో ఇంజనుకు బిగించిన పెట్రోలు పంపులో ఒక రబ్బరు పొర ఉంటుంది. అది చిరిగితే పెట్రోలు నేరుగా సంపులోకి దిగుతుంది. డిప్‌స్టిక్‌పై ఆయిల్ మట్టం తగ్గవలసింది పోయి పెరిగినా, పెట్రోలు వాసన కొట్టినా కారు నడపరాదు. పంపు బాగుచేయించి, ఆయిల్ మొత్తం మార్చాలి. ఎంత ఖరీదైన ఆయిలైనా పెట్రోలు కలిస్తే పలుచబడి బేరింగులను కాపాడలేదు.

మార్పిడి ఎప్పుడు?

పాత కార్లకు సాధారణ ఖనిజ ఆయిల్ వాడేవారు 5,000 కిలోమీటర్లకు లేదా ఆరు నెలలకు, ఏది ముందైతే దానికి మార్చడం మంచిది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కారుకు ఈ గడువు మరీ ముఖ్యం. ఇంజను పూర్తిగా వేడెక్కకపోతే లోపలి తేమ ఆవిరి కాదు. ఆయిల్‌తో పాటు ఫిల్టరునూ మార్చాలి. ఆయిల్ నల్లబడినంత మాత్రాన చెడిపోయినట్లు కాదు. మసిని తనలో కలుపుకోవడం దాని పనే.

కిరోసిన్ పోసి ఇంజను కడిగించే పాత అలవాటు మానుకోవాలి. ఒక్కసారిగా కదిలిన మడ్డి ఆయిల్ పంపు జల్లెడను మూసివేయవచ్చు. మడ్డి ఎక్కువగా ఉంటే వెయ్యేసి కిలోమీటర్లకు రెండుసార్లు మామూలు ఆయిల్ మార్చడమే క్షేమకరం. వెయ్యి కిలోమీటర్లకు లీటరు తాగే ఇంజనులో ఖరీదైన సింథటిక్ ఆయిల్ పోయడం డబ్బును పొగగొట్టంలో పోయడమే.

నకిలీల బెడద కూడా తక్కువేమీ కాదు. ఖాళీ డబ్బాలే నకిలీ వ్యాపారులకు పెట్టుబడి. కొనేటప్పుడు సీలు చూసుకోవాలి, వాడిన డబ్బాకు రంధ్రం చేసి మరీ పారవేయాలి. తీసిన ఆయిల్‌ను కాల్వలో పారబోయరాదు. దానిని శుద్ధి చేసి మళ్లీ మూల నూనెగా మార్చవచ్చు. ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశానికి అది చిన్న విషయం కాదు. వాడిన ఆయిల్ సేకరణ, పునశ్శుద్ధి బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వం ఉత్పత్తిదారులపై ఉంచింది కూడా.

పాత ఇంజనుకు కావలసింది అద్భుత ఔషధం కాదు. తగిన చిక్కదనం గల అసలు ఆయిల్, గడువు తప్పని మార్పిడి, వారానికొకసారి డిప్‌స్టిక్ తీసి చూసే ఓపిక. ఈ మూడూ ఉన్న యజమానికి బోరింగు ఖర్చు చాలా ఏళ్లు దూరంగానే ఉంటుంది.