మాంసం మానేశారు, మరి దాని స్థానంలో ఏమి తింటున్నారు?

"మాంసం పూర్తిగా మాన్పించేశామండీ, చారన్నమే పెడుతున్నాం." వార్డులో రోగిని చూడడానికి వెళ్ళినప్పుడు కుటుంబ సభ్యులు ఎంతో నమ్మకంగా చెప్పే మాట ఇది. ఆపరేషన్ అయినవారికి, కామెర్ల నుండి కోలుకుంటున్నవారికి, బాలింతకు, క్షయకు మందులు వాడుతున్నవారికి, అందరికీ ఇదే పథ్యం. రోగి మేలు కోరే వారు అలా చేస్తున్నారు. కానీ గాయం మానడానికి, రక్తం పట్టడానికి, కండ పెరగడానికి ఏది ముఖ్యమో సరిగ్గా అదే ఆ కంచంలో ఉండడం లేదు.

గుండె జబ్బు ఉందని డాక్టరుగారు కొవ్వు మాంసం తగ్గించమని ఉండవచ్చు. శ్రమకాల దినాలలో కుటుంబమంతా మానుకుని ఉండవచ్చు. ధర అందక మానేసి ఉండవచ్చు. కారణం ఏదైనా, మాంసం లేకుండా ఆరోగ్యంగా జీవించవచ్చు. అయితే దాని బదులు ఏమి తినాలో తెలిసి ఉండాలి.

మాంసకృత్తులు మాంసంలోనే ఉంటాయా?

ప్రొటీన్లను తెలుగులో మాంసకృత్తులు అంటాం. ఈ పేరు విని చాలామంది అవి మాంసంలో మాత్రమే ఉంటాయనుకుంటారు. ఆ మాటకు అర్థం మాంసాన్ని, అనగా మన ఒంటి కండను, తయారుచేసేవి అని. అవి పప్పులలో, శనగలలో, వేరుశనగలలో, సోయాలో, పాలలో, గుడ్డులో కూడా ఉన్నాయి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాములు, 65 కిలోల పురుషునికి 54 గ్రాములు. గర్భిణులకు, బాలింతలకు, పెద్ద ఆపరేషన్ నుండి కోలుకుంటున్నవారికి ఇంకా ఎక్కువ అవసరం.

దేనికి ఏది సాటి?

ఒకరి వాటాకు ఎముకలు తీసిన కోడిమాంసం 75 గ్రాములు వచ్చిందనుకోండి. అందులో సుమారు 15 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అంతే లభించాలంటే ఈ క్రింది వాటిలో ఏదో ఒకటి తీసుకోవాలి. ఇవన్నీ వండకముందు తూకాలు.

* మీల్ మేకర్: 30 గ్రాములు
* కందిపప్పు లేక పెసరపప్పు: 65 నుండి 70 గ్రాములు
* వేరుశనగ గుళ్ళు: 60 గ్రాములు
* శనగలు: 80 గ్రాములు
* రెండు కోడిగుడ్లు, వాటితో చిన్న గ్లాసు పాలు

చారులో చింతపండు, టమాట, మిరియాల రుచి ఉంటుంది. పప్పు మాత్రం నామమాత్రమే. నోటికి హితంగా ఉంటుంది కనుక చారు పోసుకోవచ్చు, దానినే నమ్ముకోకూడదు.

మరొక పొరపాటు కూడా చూస్తుంటాం. పనసకాయ కూర, పుట్టగొడుగుల కూర అచ్చం మాంసంలాగే ఉన్నాయని, బలం కూడా అంతే వస్తుందనుకుంటారు. రుచికి అవి మంచివే. కానీ 100 గ్రాములలో సుమారు 2, 3 గ్రాముల మాంసకృత్తులే ఉంటాయి. మసాలా ఒకటైనంత మాత్రాన బలం ఒకటి కాదు.

మీల్ మేకర్ అంటే ఏమిటి?

సోయా గింజల నుండి నూనె తీసిన తరువాత మిగిలే పిండిని యంత్రంలో వేడితోను, వత్తిడితోను పీచులాగా వచ్చేటట్లు వత్తి, ఆరబెట్టి వీటిని తయారుచేస్తారు. బరువులో దాదాపు సగం మాంసకృత్తులే. మరిగిన నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, చల్లని నీటితో ఒకటి రెండుసార్లు కడిగితే పచ్చివాసన పోతుంది. ఆ తరువాత మాంసానికి వేసినట్లే అల్లం, వెల్లుల్లి, మసాలా వేసి వండుకోవచ్చు. ముసలివారికి, చిన్నపిల్లలకు సన్నగా తరిగి ఖీమాలాగా చేసి పెట్టండి.

పెద్ద పట్టణాల దుకాణాలలో మొక్కల నుండి తయారుచేసిన కబాబులు, నగ్గెట్లు కూడా దొరుకుతున్నాయి. వీటిలో కొన్నింటిలో ఉప్పు ఎక్కువ. రక్తపోటు ఉన్నవారు పొట్లం మీద చదివిన తరువాతే కొనాలి.

తరచుగా అడిగే సందేహాలు

పప్పు తింటే కుట్లు చీము పడతాయా?
పడవు. చీము పట్టేది క్రిముల వలన. మాంసకృత్తులు చాలకపోతేనే గాయం ఆలస్యంగా మానుతుంది.

పప్పులో అన్ని రకాల మాంసకృత్తులూ ఉంటాయా?
బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే పదార్థం పప్పులో బాగా ఉంటుంది. పప్పులో తక్కువైనది బియ్యంలో ఉంటుంది. మన పప్పన్నం, ఇడ్లీ, పొంగలి ఒకదాని లోటును మరొకటి తీర్చే వంటలే.

శనగలు, పప్పులు తింటే గ్యాస్ వస్తుంది, ఏమి చేయాలి?
రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మెత్తగా ఉడికించండి. కొంచెంతో మొదలుపెట్టి క్రమంగా పెంచండి.

ఈ రెండు విషయాలు మరువవద్దు

మొదటిది బి12 విటమిన్. పప్పులలో, కూరగాయలలో ఇది ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు కూడా మానేసినవారికి కొంతకాలానికి రక్తహీనత, అరికాళ్ళలో తిమ్మిర్లు, నాలుక మంట రావచ్చు. చక్కెర వ్యాధికి మెట్ఫార్మిన్ మాత్రలు చాలాకాలంగా వాడుతున్నవారిలో ఈ లోపం ఇంకా ఎక్కువ. అటువంటివారు డాక్టరుగారిని అడిగి రక్తపరీక్ష చేయించుకోవాలి.

రెండవది ఇనుము. మాంసంలోని ఇనుముకంటే పప్పులు, ఆకుకూరలలోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. భోజనంతో పాటు, భోజనమైన వెంటనే టీ, కాఫీలు త్రాగవద్దు.

ఎవరు జాగ్రత్తపడాలి?

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు ఎంత తీసుకోవాలో డాక్టరుగారే నిర్ణయించాలి. కాలేయం బాగా దెబ్బతిన్నవారు కూడా అడిగి తెలుసుకోవాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు, మాత్రకు సోయా వంటకానికి మధ్య కనీసం 4 గంటల ఎడం ఉంచాలి.

ఒకరోజు భోజనం

ఉదయం పెసరట్టు. మధ్యాహ్నం అన్నంలో గట్టి ముద్దపప్పు, ఆకుకూర, ఒక కప్పు పెరుగు. సాయంత్రం గుప్పెడు ఉడికించిన వేరుశనగలు. రాత్రి మీల్ మేకర్ కూరతో అన్నం, పడుకునే ముందు గ్లాసు పాలు. ఇలా కడుపునిండా తింటే మాంసం ముక్క లేకుండానే 60 గ్రాముల వరకు మాంసకృత్తులు అందుతాయి.

రేపు ఆసుపత్రికి క్యారియర్ సర్దేటప్పుడు ఒక్కసారి ఆలోచించండి. పై గిన్నెలో చారు ఉండనివ్వండి. క్రింది గిన్నెలో గట్టి పప్పో, మీల్ మేకర్ కూరో, తినేవారైతే ఉడికించిన గుడ్డో పెట్టండి. మీ రోగికి ఏది తగునో సందేహముంటే వార్డులోని సిస్టరును అడగండి. క్యారియర్ మూత తీసి చూపించినా ఆమె సంతోషంగా చెబుతుంది.