జీపీఎస్ ఉంటే కొండ తప్పుకుంటుందా?

2010 జనవరి 7న ఒక టీవీ చానల్ ఏదో రష్యన్ వెబ్‌సైట్ రాతను పట్టుకుని, వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదం వెనుక రిలయన్స్ కుట్ర ఉందని ఊదరగొట్టింది. ఆ రాత్రే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పలుచోట్ల రిలయన్స్ దుకాణాలు ధ్వంసమయ్యాయి. ఇన్నేళ్లయినా అనుమానం చావలేదు: “జీపీఎస్ ఉన్న హెలికాప్టర్ దారెలా తప్పుతుంది? ఎవరో సిగ్నల్ కొట్టేశారు!”

అసలు దారి తప్పడం వల్లే కూలిందని ఎవరన్నారు?

2009 సెప్టెంబర్ 2 ఉదయం 8.38కి ముఖ్యమంత్రితో బేగంపేటలో లేచిన ఆ బెల్ 430 హెలికాప్టర్, తొమ్మిదిన్నర కాకముందే నల్లమలలోని పావురాలగుట్ట మీద కూలింది. దారిలో దట్టమైన క్యుములోనింబస్ మేఘాలు. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ సమస్య కనిపించడంతో పైలట్లు ఆరు నిమిషాలపాటు దాని పరిష్కారం వెతుకుతూ ఉండిపోయారని ప్రమాదంపై విచారణ జరిపిన ఆర్.కె. త్యాగి కమిటీ తేల్చింది. ఈలోగా మేఘాల్లోంచి కిందికి దూసుకొచ్చే గాలికి హెలికాప్టర్ అదుపు తప్పింది. విద్రోహమన్న వాదనను కమిటీ కొట్టేసింది. ఇందులో జీపీఎస్ ఏం చేయాలట? ఎక్కడున్నారో చెబుతుంది, అంతే. గాలితో కుస్తీ పట్టదు.

పైగా అడవులు, కొండల మీద ఎగిరేవాళ్లు ఒక్క తెరనే నమ్ముకోరు. వైమానిక పటంలో గడిగడికీ అక్కడి అత్యధిక ఎత్తును తెలిపే అంకె అచ్చై ఉంటుంది. కింద నేల కనిపించకపోతే ఆ ఎత్తుకు తగినంత పైనే ఉండాలి. దిక్సూచి, గడియారం పట్టుకుని ఏ నది ఎన్ని నిమిషాల్లో రావాలో లెక్క కడతారు. దిక్కు తెలిపే నేల మీది వీఓఆర్ రేడియో కేంద్రాలు, వాతావరణ రాడార్, చాలా విమానాల్లో నేల దగ్గరపడితే అరిచే పరికరం కూడా ఉంటాయి. జీపీఎస్ వీటికి తోడు, బదులు కాదు.

“రేడియో తెగిందంటే ఎవరో తెంచినట్టే” అన్నది ఇంకో తెలివి. పైలట్లు మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో తరంగాలు సూటిగా పోతాయి, కింద ఎగిరేవాళ్లకు కొండ అడ్డొస్తే మాట అందదు.

జీపీఎస్ సిగ్నల్ చెడగొట్టడమన్నది మాత్రం నిజంగానే ఉంది, ఒప్పుకోక తప్పదు. 2023 నవంబర్, 2025 ఫిబ్రవరి మధ్య సరిహద్దుల్లో, ముఖ్యంగా అమృత్‌సర్, జమ్మూ దగ్గర, 465 ఘటనలు నమోదయ్యాయని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. దాన్ని తెచ్చి నల్లమలకు అంటగడితే ఎలా?

ఇలాంటి పుకార్లు వేరేచోటా పుట్టాయి. 2011 ఏప్రిల్ 30న అరుణాచల్ ముఖ్యమంత్రి దోర్జీ ఖండూ హెలికాప్టర్ గల్లంతైనప్పుడు, భూటాన్‌లో క్షేమంగా దిగారన్న కబురు పాకింది. శకలాలు దొరికింది మే 4న. కాబట్టి ఇలాంటి వార్త విన్నప్పుడు ఫార్వర్డ్ బటన్ జోలికి పోవద్దు. కొండప్రాంతంలో కిందుగా పోతున్న హెలికాప్టర్ చప్పుడు విన్నవాళ్లు ఏ టైముకు, ఏ దిక్కుకు పోయిందో పోలీసులకు చెప్పాలి, వెతికేవాళ్లకు పనికొచ్చేది అదే. ఇక సభలు పెట్టే నాయకులు మబ్బు పట్టిన రోజున పైలట్‌ను తొందరపెట్టకుండా, కారెక్కి రెండు గంటలు ఆలస్యంగా వచ్చినా జనం ఏమీ అనుకోరు.