బొమ్మకి గుడ్డ కట్టించిన పోలీసులు

పోయిన వారం నేనొక పెయింటింగ్ ఫోటో పోస్ట్ చేశాను. గంట తిరక్కుండానే దాన్ని మసకగా చేసేసి, కింద ఒక హెచ్చరిక పెట్టారు. యాప్ పేరు వద్దులెండి. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ బొమ్మ వేసినాయనకి 1901లోనే సరిగ్గా ఇదే జరిగింది.

ఆయన పేరు కురోదా సెయికి. 1884లో లా చదవడానికి పారిస్ వెళ్లాడు. అక్కడ లా వదిలేసి, రాఫెల్ కొలాన్ అనే పెయింటర్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. (ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పుకున్నాడో పాపం!) 1893లో ఒక పెద్ద బొమ్మ వేశాడు. అద్దం ముందు నిలబడి జుట్టు ముడేసుకుంటున్న ఫ్రెంచ్ అమ్మాయి, ఒంటి మీద బట్టల్లేవు. పారిస్‌లో దాన్ని మామూలుగానే చూశారు. 1895లో క్యోటో ఎగ్జిబిషన్‌లో పెడితే పేపర్లన్నీ మీద పడ్డాయి. జనం ఎగబడి చూశారు కూడా. అప్పుడు జపాన్‌లో ఉన్న బిగో అనే ఫ్రెంచ్ కార్టూనిస్టు ఆ గుంపు మీదే ఒక కార్టూన్ గీశాడు. అందులో ఒకావిడ సిగ్గుతో మొహం దాచుకుంటూ ఉంటుంది, కానీ తన కిమోనో మాత్రం పైకెత్తి కాళ్లు కనిపిస్తుంటాయి.

ఆ కార్టూన్ ఎందుకు గుచ్చుకుంటుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అంతకుముందు జపాన్‌లో చాలా చోట్ల ఆడా మగా ఒకే స్నానశాలలో స్నానం చేసేవాళ్లు. ఎండాకాలం కూలీలు గోచీతోనే పని చేసుకునేవాళ్లు. ఎవరికీ అది వింత కాదు. పాత జపాన్ శృంగార చిత్రాల్లో కూడా మనుషులు ఎక్కువగా బట్టలతోనే ఉంటారు, ఎందుకంటే వట్టి ఒళ్లు వాళ్లకి అంత కిక్కు ఇచ్చే విషయం కాదు. తర్వాత దేశం తలుపులు తెరిచింది, పాశ్చాత్యులు వచ్చారు, చూసి ముక్కున వేలేసుకున్నారు. వాళ్లేమనుకుంటారో అని 1872లో టోక్యోలో బయట ఒళ్లు కనపడటం, కలిసి స్నానం చేయడం నేరం చేసేశారు. అంటే పడమటి వాళ్ల కోసం సిగ్గు నేర్చుకున్నారన్నమాట. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అదే పడమటి నుంచి ఒకడొచ్చి, "నగ్న చిత్రమే అసలు కళ" అన్నాడు. మరి జనానికి తిక్కరేగదా?

కురోదా వెనక్కి తగ్గలేదు. 1897లో జపాన్ అమ్మాయిలతోనే మూడు నిలువెత్తు బొమ్మలు వేశాడు. వెనక మొత్తం బంగారు రంగు, వాళ్ల పాత మడత తెరల్లో ఉన్నట్టు. 1900 పారిస్ ఎక్స్‌పోలో వాటికి వెండి పతకం వచ్చింది. నేను పోస్ట్ చేసింది వీటిలో ఒకటే. కానీ నిజం చెప్పాలంటే ఆ ఒళ్లు నాకు కొంచెం అబద్ధంగా అనిపిస్తాయి. కాళ్లు సాగదీసి, గ్రీకు శిల్పాల కొలతలకి దగ్గరగా తెచ్చినట్టు ఉంటాయి.

ఇక 1901. ఆయన గ్రూపు పెట్టిన ఎగ్జిబిషన్‌లో మళ్లీ ఒక నగ్న చిత్రం. ఈసారి పోలీసులొచ్చి బొమ్మ కింది సగానికి గుడ్డ కట్టించారు. దీన్ని జపాన్‌లో "కొషిమాకి గొడవ" అంటారు. కొషిమాకి అంటే కిమోనో లోపల నడుముకి చుట్టుకునే గుడ్డ, మన లోలంగా లాంటిది.

ఒక మాట చెప్పాలి. ఈ గొడవలో పెయింటర్లూ మగాళ్లే, పోలీసులూ మగాళ్లే. కురోదా పాఠాలు చెప్పిన టోక్యో ఆర్ట్ స్కూల్లోకి ఆడపిల్లల్ని 1946 దాకా చేర్చుకోలేదు. మోడల్‌గా మాత్రం లోపలికి రావచ్చు.

ఆ స్కూల్లోనే చదివిన యొరొజు తెత్సుగొరో 1912లో తన ఆఖరి ఏడాది పనిగా ఒక బొమ్మ ఇచ్చాడు. పచ్చగడ్డిలో పడుకున్న ఒకావిడ. గ్రీకు కొలతలు లేవు, ముక్కు రంధ్రాలు, చంకలో వెంట్రుకలు అన్నీ ఉన్నాయి. నడుముకి ఎర్రటి గుడ్డ ఉంది, కానీ ఈసారి దాన్ని కట్టింది పెయింటరే. ఆవిడ సిగ్గుపడదు, అద్దంలోకి చూసుకోదు, గడ్డం పైకెత్తి మనల్నే కిందికి చూస్తుంది. నాకైతే కురోదా మూడు బొమ్మలకంటే ఇదే ఇష్టం. టోక్యో నేషనల్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఉంది. ఫోన్‌లో వెతికి, జూమ్ చేసి ఆ కళ్లు చూడండి. మసక లేకుండా దొరికితే కామెంట్‌లో చెప్పండి. ఉంటానండీ.